పదును తెలిసిన చెయ్యి

మా కాలేజీలో పదును తెలిసిన చెయ్యి ఒకే ఒక్కటి ఉండేది. అది మా నర్సరీలో మొక్కలు పెంచే ఓబుళమ్మ కుడిచెయ్యి. పార్కులూ వనాలూ కట్టడం నేర్పే ఐదేళ్ల డిగ్రీ, ముప్ఫై ఎనిమిది పేపర్లు, పదహారు మంది అధ్యాపకులు, డ్రోన్లు, త్రీడీ ప్రింటర్లు అన్నీ ఉన్నాయి మాకు. అయినా వాన వెలిశాక "ఇవాళ మొక్కలు నాటొచ్చా, రేపటిదాకా ఆగాలా" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు కావాలంటే అందరం చచ్చినట్టు నర్సరీ వైపు నడవాల్సిందే.

నేను అనంతపురం వచ్చిన మొదటి వారంలోనే ఆవిడ ముందు నవ్వులపాలయ్యాను. రాజమండ్రి బజారులో పెరిగినదాన్ని, పదును అంటే కత్తికి ఉండేదనే తెలుసు. "నేల పదునుగా ల్యాదు మేడమ్మా, ఇయాల వద్దు" అని ఓబుళమ్మ అంటే, "మంచిదేగా, కాళ్లకు గుచ్చుకోదు" అన్నాను. నర్సరీలో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఓబుళమ్మ మాత్రం నవ్వకుండా నా చెయ్యి పట్టుకుని, పిడికెడు ఎర్రమన్ను అందులో పెట్టింది.

"పిసుకు. ముద్దయిందా? ఇంగ నడుమెత్తు నుంచి వదులు."

వదిలాను. ముద్ద చప్పున చదునుగా పడింది. తడి ఎక్కువన్నమాట. అసలు ముద్దే కట్టకపోతే తడి తక్కువ. నాలుగైదు పెళ్లలుగా విరిగితే అదీ పదును, వేరు పట్టడానికి నేల సిద్ధంగా ఉండే తేమ. ఓబుళమ్మకు కింద వదిలి చూడాల్సిన పని కూడా లేదు. అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి రుద్ది చెప్పేస్తుంది.

నాకు మాత్రం ఇరవయ్యేళ్లయినా అది రాలేదు. ఈ సంగతి మా ఆయన ఫణికి తప్ప ఎవరికీ తెలియదు. నేల తేమ గురించి నేను రాసిన పాఠ్యపుస్తకంలో నలభై పేజీలున్నాయి, పటాలున్నాయి, లెక్కలున్నాయి. చేతిలో మన్ను పెడితే సగంసార్లు తప్పు చెబుతాను. అందుకే మొదటి సంవత్సరం 'నేల పరిచయం' పేపరుకు క్లాసులో మాట్లాడేది నేనైనా, నర్సరీలో నేర్పేది ఓబుళమ్మే. ఏడాదంతా పిల్లలు ఆవిడ వెనక తిరుగుతారు. ముందు సణుగుతారు. గోళ్లలో మట్టి ఫొటోలు తీసి ఇంటికి పంపుతారు. "తోటమాలి పనికి ఐదేళ్ల చదువా?" అని పెళ్లిళ్లలో చుట్టాలు నన్ను అడిగినట్టే వాళ్లనూ అడుగుతారు. ఎప్పుడో జనవరిలో, ఉన్నట్టుండి ఒక పిల్ల "మేడం, తెలిసింది!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసమే నేను ఆ పేపరు ఎవరికీ వదలకుండా పట్టుకుని కూర్చున్నాను.

నా అసూయ గురించి ఫణికి చెప్పకుండా ఉండాల్సింది. ఉప్మా తింటూ చెప్పాను.

"పద్దెనిమిదేళ్ల పిల్లలకు వస్తుంది, నాకు రాదు. ఆవిడ చెయ్యి ఒక్క రోజు అప్పిస్తే బావుండు" అన్నాను.

ఫణి చెంచా కింద పెట్టాడు. అతను అదే ప్రాంగణంలో ఇంజనీరింగ్ విభాగంలో ప్రొఫెసరు. చేతులు కోల్పోయినవాళ్లకు పెట్టే కృత్రిమ చేతికి స్పర్శ తెప్పించే తొడుగు ఒకటి ఎనిమిదేళ్లుగా తయారుచేస్తున్నాడు. చెంచా కింద పెట్టాడంటే ఇక ఆ ఉప్మా చల్లారిపోయినట్టే.

"అప్పివ్వొచ్చు, సువర్చలా" అన్నాడు.

నెలన్నరలో రెండు తొడుగులు సిద్ధమయ్యాయి. ఒకటి ఓబుళమ్మకు, ఒకటి నాకు. మధ్యలో మంచమంత యంత్రం. ఇద్దరి ముందూ ఒకే మట్టి ఉన్న రెండు ట్రేలు. ఓబుళమ్మ మన్ను తాకినప్పుడు ఆమె నరాల్లో ఏం జరుగుతోందో తొడుగు చదివి, నా చేతికి అదే క్షణంలో వినిపిస్తుంది. "వినిపిస్తుంది" అన్నది ఫణి మాటే. ఆమె స్పర్శకు ఒకసారి తీసుకున్న అచ్చు అందరికీ పనికిరాదు, ఎవరి చేతికి తగ్గట్టు వాళ్లకు మళ్లీ తీయాలి. ఒక్కొక్కరికి పన్నెండు సిట్టింగులు.

తొమ్మిదో సిట్టింగులో నాకు తెలిసింది. ఎలా తెలిసిందో నా నలభై పేజీల్లో ఎక్కడా లేదు. మన్ను అరచేతికి ఆనుకోగానే లోపల ఏదో "ఊఁ" అన్నది. నేను ఏడ్చేశాను. ఓబుళమ్మ కంగారుపడి తొడుగు చేత్తోనే నా వీపు నిమిరింది. నా జాకెట్టు మీద ఆ ఎర్రటి అయిదు వేళ్ల ముద్ర ఎంత ఉతికినా పోలేదు. నేనూ పోవాలని పెద్దగా ఉతకలేదు.

యంత్రానికి 'హస్తవాసి' అని పేరు నేనే పెట్టాను.

తర్వాత మొదటి సంవత్సరంలో ఏడుగురిని ఎంచి కూర్చోబెట్టాం. నెల తిరక్కుండా ఏడుగురికీ వచ్చేసింది. ఏ మాత్రం సణుగుడు లేదు, గోళ్లలో మట్టి లేదు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి చూశారు. వారం తిరిగేసరికి సిలబస్ కమిటీ వేశారు. ఈ కోర్సు చదివేవాళ్లు అసలు ఏం నేర్చుకోవాలి, అందులో ఏడాది పట్టేదాన్ని నెలలో ఇవ్వగలిగితే డిగ్రీని నాలుగేళ్లకు తగ్గించవచ్చా అన్నది తేల్చాలి. కొత్త సిలబస్ రాసే పని నాకే అప్పగించారు. నేను ఉత్సాహంగా కూర్చుని, 'నేల పరిచయం' రెండు సెమిస్టర్ల పేపరును 'హస్తవాసి ల్యాబ్, పన్నెండు సిట్టింగులు' అని ఒక్క గీతలో కుదించేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పెన్ను విరిచెయ్యాలనిపిస్తుంది.

ఓబుళమ్మకు కూడా ల్యాబ్ నచ్చింది. ఏసీ గది, మెత్తటి కుర్చీ, గంటకోసారి టీ.

"నా సెయ్యి ఏడుగురికి మొలిచిందంట సూడు మేడమ్మా! మా యింట్లో చెప్తే నమ్మలా" అని మురిసిపోయింది. ఒక్క దానికే ఆవిడకు ఇబ్బందిగా ఉండేది. ముద్దను కింద వదిలి చూడనిచ్చేవాళ్లు కాదు. యంత్రాల్లో మన్ను పడుతుందని ఫణి బోర్డు రాసి పెట్టాడు. ట్రేలో మట్టి పదునుగా ఉందని ఆవిడ చెయ్యి చెప్పాలి, అప్పుడు రికార్డు మొదలుపెట్టాలి. అంతే పద్ధతి.

రెండో జట్టు పదకొండు మంది. ఆ సిట్టింగులన్నీ చూసుకున్నది నిహారిక. హైదరాబాద్ నుంచి ఫణి దగ్గర పరిశోధనకు వచ్చిన అమ్మాయి, పని అంటే ప్రాణం పెడుతుంది. పదును అంటే ఏమిటో, అది కత్తికే కాదు నేలకూ ఉంటుందనీ ఆమెకు నేర్పింది నేనే. నా పాత కథ చెప్పి నవ్వించి మరీ నేర్పాను.

ఆ రోజుల్లోనే మధ్యాహ్నం భోజనంలో ఒక చిన్న మార్పు వచ్చింది. నర్సరీ షెడ్డులో ఓబుళమ్మతో కలిసి తినడం నాకు ఏళ్లుగా అలవాటు. నా క్యారియర్‌లో కూర ఆవిడకు, ఆవిడ రాగిముద్దలో సగం నాకు. ముద్ద గుండ్రంగా, చేత్తో తుంచితే తెగేలా ఉండేది. ఆగస్టులో అది జారుడుగా రావడం మొదలైంది. ఒకరోజైతే గరిటెతో తోడుకోవాల్సి వచ్చింది.

"నీళ్లెక్కువ పడ్డాయా ఓబుళమ్మా?" అన్నాను.

"అట్లనే ఉండాది" అని తల వంచుకుని తినేసింది. నేను మరో మాట అడగలేదు.

ఆగస్టు చివరి వారంలో మంచి వాన పడింది. అనంతపురంలో మంచి వాన అంటే మేం క్లాసులు మానేసి బయట నిలబడి చూస్తాం. మర్నాడు పొద్దున రెండో జట్టును కాలేజీ వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లాను. అరవై కానుగ మొక్కలు నాటి చిన్న వనం చెయ్యాలి. ఇది వాళ్ల మొదటి అసలైన పని.

రాయదుర్గం అమ్మాయి గుల్జార్ ఆ జట్టుకు లీడరు. మన్ను తీసుకుని బొటనవేలితో రుద్దింది, అచ్చం ఓబుళమ్మలా.

"పదునే మేడం. మొదలుపెడదాం."

పదకొండు మందీ తాకి చూసి అదే మాట అన్నారు. నేనూ తీసుకున్నాను. నా చేతిలో "ఊఁ" అనలేదు. అది బురద. పాదం పెడితే చీలమండ దాకా దిగుతోంది.

"ఒక్కసారి వదిలి చూడమ్మా" అన్నాను.

"వదలాల్సిన పనేముంది మేడం, చేతికే తెలిసిపోతాంది కదా" అంది గుల్జార్. ఆ పిల్లలకు వదిలి చూడడం ఎవరూ నేర్పలేదు. నేనే ముద్ద చేసి వదిలాను. పేడకడిలా పడి అతుక్కుపోయింది. పిల్లలు దాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్లీ మన్ను తాకారు. ఒక్కరి ముఖంలోనూ అనుమానం లేదు.

"పదునే కదా మేడం?" అని గుల్జార్ నెమ్మదిగా అడిగింది. ఈసారి ఆ గొంతులో భయం ఉంది.

ఇరవయ్యేళ్లలో మొదటిసారి పదును విషయంలో నేను ఒప్పు, నా విద్యార్థులు తప్పు. సంతోషం ఏమీ కలగలేదు. ఓబుళమ్మను పిలవండి, ఆవిడే చెబుతుంది అన్నాను.

ఓబుళమ్మ వచ్చింది. మన్ను తీసుకుంది. రుద్దింది. ఇంకోసారి రుద్దింది. తర్వాత చేతి వంక కాకుండా కింద పడి ఉన్న ముద్ద వంక చూసింది. ఆవిడ కళ్లతో పదును చూడడం నేను ఎన్నడూ ఎరగను. చెయ్యి చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

"మీరే సెప్పండి మేడమ్మా" అంది.

ఆమెను షెడ్డులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. వేడి టీ గ్లాసు అందిస్తే చురుక్కుమని వెంటనే కింద పెట్టింది. వేడి తెలుస్తోంది. ముల్లు తెలుస్తోంది. గులకరాయికీ గింజకూ తేడా తెలుస్తోంది.

"పదునొక్కటే తెలీలా" అంది ఓబుళమ్మ. "ఎండు మన్నూ ఒగటే, బురదా ఒగటే. ముద్ద గెలికేటప్పుడు గూడా అంతే. మా కోడలు తిడతాండాది."

నేను ఆమె చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. "ఎన్నాళ్లయింది? ఎందుకు చెప్పలేదు?"

"సెప్పినా గదా! దినామూ సెప్పినా. పదును ల్యాదు, పదును ల్యాదు అని. ఆ పాప నీళ్లు సల్లతాండె."

నేను ల్యాబ్‌కు పరిగెత్తాను. యాభై దాటిన ఆడది చీరతో పరిగెత్తడం కాలేజీ అంతా చూసింది. నిహారిక రికార్డు పుస్తకం తీసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. జులై మూడు: పదును లేదు అన్నారు, వంద మిల్లీలీటర్ల నీళ్లు చల్లాం. జులై పది: పదును లేదు అన్నారు, రెండు వందలు. జులై ఇరవై నాలుగు: నాలుగు వందలు. ఆగస్టు అంతా: పదును లేదు, పదును లేదు. ఒక్కో రోజు చివర మాత్రం, "సరేలే, ఇట్లనే కానీండి అన్నారు. రికార్డు మొదలు."

ఆవిడ తన చెయ్యి గురించి చెబుతుంటే మేం నేల గురించి అనుకున్నాం, నీళ్లు పోసి బురద చేసిన మన్నునే పిల్లల చేతులకు పదునని అచ్చు వేశాం. తెలుగులో ఆ మాట మనిషి చేతికి ఎవరూ అనరు. కత్తికి అంటారు, నేలకు అంటారు, నాలుకకు కూడా అంటారు. నిహారిక తప్పేమీ చెయ్యలేదు, నేను నేర్పిన అర్థాన్నే తు.చ. తప్పకుండా పాటించింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఫణి ఆ రోజంతా పాత రికార్డులు వరసగా పెట్టి చూశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"నేర్చుకున్నది ఏదైనా బయటికి తీసిన ప్రతిసారీ కాసేపు మెత్తబడుతుంది, తడిసిన మట్టిలాగ. తర్వాత దానంతట అదే గట్టిపడుతుంది. నా తొడుగు సరిగ్గా ఆ మెత్తగా ఉన్నప్పుడే నొక్కి అచ్చు తీసుకుంటోంది. వందల సార్లు నొక్కాను సువర్చలా. ఇక గట్టిపడడానికి అక్కడ ఆకారమే మిగల్లేదు."

"నా అచ్చు ఉంది కదా. ఆ ఏడుగురివీ ఉన్నాయి. వాటిని వెనక్కి పొయ్యలేవా?"

"పొయ్యాలంటే మళ్లీ మెత్తబరచాలి. వేడీ, ముల్లూ, గింజా తెలుస్తున్నాయన్నావుగా. అవి కూడా పోవచ్చు." అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను ఇంకొకసారి ఆ చేతికి తొడుగు తొడగను."

మర్నాడు ఫణి నర్సరీలో నేల మీద చతికిలబడి ఓబుళమ్మకు అంతా తన నోటితోనే చెప్పాడు. క్షమించమన్నాడు. ఓబుళమ్మ చాలాసేపు తన అరచెయ్యి వంక చూసుకుంది. నేను ఏ కేకకైనా, ఏ తిట్టుకైనా సిద్ధపడే వెళ్లాను.

"నాకు శానా దినాలకే తెలిసె సారూ, మన్నులో తప్పు ల్యాదు, సేతిలోనే ఉందని" అంది చివరికి. "పిల్లోల్లకి వస్తాండాది గదా అని ఊరుకుంటి. వాళ్లకీ రాలేదంటనే. అదీ నాకు బాధ."

అప్పుడు ఆమెకు కోపం వచ్చింది, తన గురించి కాదు. "వదిలి సూడనియ్యకపోతిరి! ఒగసారి వదిలింటే బయట పడుండు. మన్ను పడతాదని బోర్డు రాస్తిరి. మన్ను పడకుండా మన్ను పని యట్లవుతాది సారూ?"

ఫణి తల వంచుకుని ఊఁ కొట్టాడు. నేనూ తల వంచుకున్నాను. ఆ గదిలో ఆ బోర్డు కింద కూర్చుని నెలల తరబడి టీ తాగినదాన్ని.

"తొడుగు ఇంగ వద్దు" అంది ఓబుళమ్మ. "సేతిలో మన్ను పెట్టండి, ఇది పదును, ఇది కాదు అని సెప్పండి. నేను యట్ల నేర్సుకుంటినో తెల్సునా? ఏడేండ్లప్పుడు మా యమ్మ అట్లనే సెప్పె."

మర్నాటి నుంచి అదే మా పని. పొద్దున ఏడింటికి నర్సరీలో ట్రేలు పెట్టుకునేవాళ్లం, నేనూ, మొదటి జట్టులోని ఏడుగురూ. మా ఎనిమిది చేతులకే ఆమె పాత పదును అచ్చు సరిగ్గా ఉంది. ఎవరో ఒకరు మన్ను సరిచేసి ఆమె చేతిలో పెట్టేవారు. ఆమె కళ్లు మూసుకుని పిసికేది. ఏదో ఒకటి చెప్పేది. తర్వాత ముద్దను నడుమెత్తు నుంచి వదిలి చూసేవాళ్లం. మొదటి నెలంతా ఆమె చెప్పినవి నాణెం ఎగరేసినట్టే ఉండేవి. రెండో జట్టు పదకొండు మందీ కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో పడిన తప్పును వాళ్లు చెరుపుకోవాలి కదా. గుల్జార్, ఓబుళమ్మ ఒకే ట్రేలో చేతులు పెట్టి, ఇద్దరూ కలిసి తప్పు చెప్పి, ఇద్దరూ కలిసి నవ్వేవాళ్లు. నిహారిక రికార్డు రాసేది. ఇప్పుడు ప్రతి మాటకూ "నేలకా, చేతికా?" అని అడిగి మరీ రాసేది. ఫణి కూడా వచ్చేవాడు. అతని చేతికి పదును కాదు కదా, పలుగూ పారా కూడా పట్టుబడలేదు.

"సారుకి పై జన్మలో వస్తాదిలే" అని ఓబుళమ్మ తీర్పు చెప్పింది.

నిజం చెప్పాలంటే ఆ ఉదయాలు నాకు హాయిగా ఉండేవి. అంత నష్టం జరిగాక హాయి ఏమిటని నన్ను నేను తిట్టుకునేదాన్ని. కానీ ఏడింటి ఎండ, తడి మన్ను వాసన, ఇరవై మంది మోకాళ్ల మీద కూర్చుని ఒక పెద్దామె ముఖం వంక చూస్తూ ఉండడం, ఇలాంటి క్లాసు నా ఉద్యోగంలో ఎప్పుడూ జరగలేదు.

అక్టోబరులో సిలబస్ కమిటీ కూర్చుంది. నేను రాసిన కొత్త ముసాయిదాను నేనే చించి బల్ల మీద పెట్టాను. ప్రిన్సిపాల్ గారు మంచివారే, కాకపోతే ఆయనకు ప్రతిదీ గంటల్లో కావాలి.

"సరే మేడం, యంత్రం వద్దు. మరి పదును రావడానికి ఎన్ని గంటలు రాయమంటారు? గంటలు లేకపోతే యూనివర్సిటీ ఒప్పుకోదు."

"ఏడాది అని రాయండి. రాకపోతే ఇంకో ఏడాది."

"దీన్ని పరీక్ష ఎలా పెడతారు?"

అప్పటికప్పుడు నోటికొచ్చిందే చెప్పాను. నోటికి వచ్చిందన్నమాటే గానీ, రెండు నెలలుగా నా ముందు జరుగుతున్నదే అది. "విద్యార్థికి తెలిస్తే పాస్ కాదండీ. ఆ విద్యార్థి ఇంకో చేతికి నేర్పాలి. ఆ రెండో చేతికి తెలిసినప్పుడు మొదటి విద్యార్థి పాస్. వీళ్లు రేపు బయటికెళ్లి పార్కులు కడతారు, చెరువు గట్లు బాగుచేస్తారు. కూలీలకు, మేస్త్రీలకు, ఊళ్లో వాళ్లకు చెప్పి చేయించాలి, వాళ్లు చెప్పింది వినాలి. వాళ్లు 'పదును లేదు' అంటే ఏమంటున్నారో ఆగి అడగాలి. మేం పీహెచ్‌డీలు చేసినవాళ్లం అయ్యుండి కూడా ఆ ఒక్క మాట అడగలేదు. డ్రాయింగ్ నేర్పుదాం, వాలు లెక్కలు నేర్పుదాం, మొక్కల పేర్లు నేర్పుదాం. ఇది మాత్రం ముందు నేర్పుదాం."

కమిటీ ఆ పరీక్ష పద్ధతిని రాసుకుంది. పరీక్షకు ఎగ్జామినర్ ఎవరని ఫారంలో ఒక గడి ఉంది. ఓబుళమ్మ అని రాశాను. విద్యార్హత అన్న గడిలో 'హస్తవాసి' అని రాశాను. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "యూనివర్సిటీ వాళ్లు దీన్ని కోర్సు పేరు అనుకుంటారులెండి" అని సంతకం పెట్టారు.

నవంబరు మొదట్లో రాగిముద్ద మళ్లీ గుండ్రంగా వచ్చింది. నేను గమనించానని ఓబుళమ్మ గమనించింది. నేను ఆ రోజు ముద్ద మొత్తం తినేశాను.

నెలాఖరుకు తుపాను వాన రెండు రోజులు కురిసింది. వెలిసిన మర్నాడు అరవై కానుగ మొక్కలతో మళ్లీ ఆ ఖాళీ స్థలానికి వెళ్లాం, రెండు జట్లూ, ఓబుళమ్మా, నిహారికా, ఫణీ. నేను ముందు నడిచి, కింది మూలన మన్ను తీసుకుని రుద్దాను. చేతిలో "ఊఁ" అన్నది, స్పష్టంగా.

"పదును! గుంతలు మొదలుపెట్టండి" అని అరిచాను. కింద వదిలి చూడలేదు. నాకు చెయ్యి వచ్చేసింది కదా అన్న ధీమా.

పిల్లలు పారలు ఎత్తారు. వెనక నుంచి ఓబుళమ్మ గొంతు వినిపించింది.

"ఎవురు పదునన్నది?"

ఆమె నా పక్కన వంగి పిడికెడు మన్ను తీసుకుని బొటనవేలితో ఒక్కసారి రుద్దింది. ఒక్కసారే. ఆమె కళ్లు మన్ను మీద లేవు, ఎక్కడో దూరంగా ఉన్నాయి.

"యాడ పదును మేడమ్మా? ఈ మూల నల్లరేగడి కలిసుండాది. పైకి ఆరినట్లుంటాది, లోపల పట్టుకునుంటాది. మాపటేలదాకా ఆగల్ల."

నేను ముద్ద చేసి వదిలాను. చప్పున చదునుగా పడింది.

కొంత ఆలస్యంగా నాకు వెలిగింది. ఆ ట్రేల్లో మేం మూడు నెలలుగా ఆమె చేతిలో పెట్టింది ఉత్త ఎర్రమన్ను. తొడుగు నాకు ఇచ్చిందీ ఎర్రమన్ను పదునే. నల్లమన్ను కలిసిన నేల గురించి మా ఎనిమిది చేతుల్లో ఏ ఒక్కదానికీ తెలియదు. మేం ఇవ్వనిది ఆమె చేతిలో ఉంది. అది ఆమెదే. చిన్నప్పుడు వాళ్లమ్మ పెట్టినది ఎక్కడో అడుగున మిగిలి, మేం పోసిన నీళ్లకు మళ్లీ లేచింది.

ఓబుళమ్మకు కూడా అప్పుడే తెలిసింది. చెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. ఫణి మొహం అటు తిప్పుకున్నాడు. నిహారిక పుస్తకం తెరిచి, ఏం రాయాలో తోచక మూసేసింది.

సాయంత్రం నాలుగు గంటలకు ఆమె మళ్లీ రుద్ది, "ఊఁ, కానీండి" అంది. ముద్దను వదిలితే నాలుగు పెళ్లలైంది. పొద్దు వాలేలోపు అరవై మొక్కలూ నాటేశాం.

తిరిగొస్తూ దారిలో గుల్జార్ నా పక్కకు చేరింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఆమె పెదాలు కదులుతున్నాయి.

"మేడం, మీరు పొద్దున తప్పు చెప్పినారు కదా."

"చెప్పాను."

"కానీ మీరు నేర్పిన చేతికి వచ్చేసింది. కొత్త రూల్ ప్రకారం మీరు పాసే మేడం!"

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లలో పదును విషయంలో తప్పయినందుకు అంత సంతోషపడిన రోజు నాకు ఇంకొకటి లేదు. ముందు నడుస్తున్న ఎగ్జామినర్ వెనక్కి తిరిగి, మన్ను చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"యాడ పాసు?" అంది ఓబుళమ్మ. "రేపు పొద్దున ఏడుకు మేడమ్మను రమ్మను. నల్లమన్ను కాడ నుంచి మొదలు."